నోరు విప్పని పాట

2011లో దసరా దాటిన వారం. మిర్యాలగూడలో పెళ్లి వీడియోలు తీసే ఉపేందర్ ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి సూర్యాపేట బయట హైవే మీద తన చిన్న సినిమాకు ఆఖరి షాట్ తీయాలి. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తున్న ఓ పెద్ద డైరెక్టరు పన్నెండింటికి కోదాడలో భోజనానికి ఆగుతాడు. ఆయనకు దాన్ని చూపించాలి. నచ్చితే అసిస్టెంటు ఉద్యోగం, నచ్చకపోతే జీవితాంతం తలంబ్రాలే.

ఓ పాతకాలపు పాటల సినిమానే అతను కొత్త పద్ధతిలో మళ్లీ తీస్తున్నాడు. ఆ పాతదాంట్లో గొర్రెల కాపరి పద్నాలుగు పాటలు పాడతాడు. ఉపేందర్ కాపరి మాత్రం నల్ల కళ్లద్దాలు పెట్టుకుని స్లోమోషన్‌లో నడుస్తాడు, పాట ఎక్కడో వెనక నుంచి వస్తుంది. గొర్రెలు తెచ్చిన తండ్రి గట్టయ్యకు ఇది బొత్తిగా మింగుడుపడలేదు.

"పాటొస్తుంటె మూతి ముడుసుకొని నడుసుడేందిరా? వానికి పంటినొప్పా?"

"గిప్పుడు గట్లనే తీస్తరు నాయినా. నువ్వు జర గొర్రెల్ని తోలు."

గట్టయ్య నలభై గొర్రెలను రోడ్డెక్కించాడు. హీరో రాజ్‌కుమార్ నాలుగడుగులు వేశాడో లేదో, ఓ లారీ హారన్ కొట్టింది. బెదిరిన మంద రోడ్డు మధ్యలో ముద్దగా చేరి ఇక కదలనంది. లారీ ఆగింది, దాని వెనక ఇంకో పదీ ఆగాయి.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. రోడ్డుకు ఎవరైనా అడ్డం నిలబడితే ఎందుకని అడగరు, వచ్చి పక్కన కూర్చుంటారు. పావుగంటలో జెండాలు వచ్చాయి. కమలమ్మ అనే ఆవిడ ఆడవాళ్లను వెంటేసుకొచ్చి, రోడ్డు మీదే పొయ్యి ముట్టించి ఉప్మాకు ఎసరు పెట్టింది.

"అమ్మా, ఇది రాస్తారోకో కాదు, షూటింగ్!" అన్నాడు ఉపేందర్.

"తియ్యి బిడ్డా, మంచిగ తియ్యి. టీవీల రావాలె."

షూటింగ్ కోసమే లారీలు ఆగాయని తెలిస్తే డ్రైవర్లు తంతారని భయపడి కెమెరా సంచీలో దాచేశాడు. పదిన్నరకు డైరెక్టరు ఫోన్ చేశాడు.

"సూర్యాపేట దగ్గర ఇరుక్కుపోయానయ్యా. ఎవడో గొర్రెలతో ధర్నా చేస్తున్నాడట. ఇక నేను వెనక్కి వెళ్లిపోతా."

ఉపేందర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆ ఎవడో తానేనని ఏ నోటితో చెప్పాలి? మంద లేస్తే జనమూ లేస్తారని పరుగున తండ్రి దగ్గరికి వెళ్లాడు.

"నీ కాళ్లు మొక్కుత నాయినా, గొర్రెల్ని లేపు!"

"లేపుత. ముందుగాల ఆ పాత సినిమా పాట పాడనియ్యి. నోరు తెర్సి."

"పాడు! ఏదన్న పాడు!"

గట్టయ్య గొంగడి భుజాన వేసుకుని ఎత్తుకున్నాడు. రెండో చరణానికి లారీ డ్రైవర్లు కిందికి దిగారు. కమలమ్మ గరిటె తిప్పడం ఆపింది. గొర్రెలు ఒక్కొక్కటే కదిలి ఆయన చుట్టూ చేరాయి. చిన్నప్పుడు మంద వెనక నడుస్తూ విన్న గొంతు అది. ఉపేందర్‌కు కళ్లు చెమర్చాయి, ఉద్యోగం సంగతే మరిచిపోయాడు.

పాట అయ్యేసరికి, వెనక్కి వెళ్తానన్న డైరెక్టరు ఆ గొంతు విని కారు దిగొచ్చి ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"పాత పాట, హైవే, ఇన్ని లారీలు! ఇంత కొత్తగా ఎవరూ తీయలేదయ్యా. రికార్డయిందా?"

ఉపేందర్ సంచీ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"పోనీలే. సోమవారం పెద్దాయన్ని పంపించు. గొర్రెలు కూడా కావాలి."

"మరి నేను, సార్?"

డైరెక్టరు మంద వైపు చూశాడు. "గొర్రెలతో ఎవరో ఒకరు రావాలిగా."

సోమవారం గట్టయ్య డైరెక్టరు పంపిన కారులో ముందు సీట్లో హైదరాబాదు వెళ్లాడు. అసిస్టెంటు ఉపేందర్ వెనక వ్యానులో, గొర్రెల మధ్య నిలబడి వెళ్లాడు.