శవానికి ఫిట్‌నెస్ అక్కర్లేదు

మన సినిమాలు బాగుపడకపోవడానికి మంచి కథలు లేకపోవడమే కారణమని పెద్దలు అంటుంటారు. శుద్ధ అబద్ధం! మన సినిమాలకు లేనిది ఇన్సూరెన్సు. నమ్మకం కలగకపోతే మా గోదావరిఖని కాలేజీ పిల్లలు తీసిన షార్ట్ ఫిలిం సంగతి వినండి. ఐదు నిమిషాల సినిమాకు నలభై ఒక్క పేజీల కాగితాలు! ఏ భారీ చిత్రానికైనా ఇంత బందోబస్తు ఉందా?

అందులో హీరో గట్టయ్య. బొగ్గుబాయిలో ముప్పై రెండేళ్లు చేసి, నడుము అరిగి, దగ్గు ముదిరి, మెడికల్ అన్‌ఫిట్ అయి ఇంటికొచ్చిన మనిషి. ఆయన నౌకరి కొడుకు సంపత్‌కు వచ్చింది. గట్టయ్యకు చిన్నప్పటి నుంచి ఒకటే కోరిక, తెర మీద తన పేరు పడాలని. ఎందుకని అడగకండి. కొందరికి కాశీ పోవాలని ఉంటుంది, ఆయనకు ఇది. పక్క క్వార్టర్‌లో ఉండే డెబోరా, డిగ్రీ చివరి ఏడాది చదివే పిల్ల, "కాకా, నా సినిమాల నువ్వే హీరోవి" అన్న రోజు ఆయన రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు.

కథ చాలా సులువు. పని మానేసిన కార్మికుడొకడు ఇంటి ముందు కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతాడు. అంతే! మీలాంటి, నాలాంటి తెలివితక్కువ వాళ్లయితే అరగంటలో తీసి అవతల పడేసేవాళ్లం. అదృష్టం బాగుండి ఆ కాలేజీలో జగదీశ్వర్ సార్ ఉన్నారు. పిల్లలు ఎక్కడ షూటింగ్ పెట్టినా బీమా ఫారాలు నింపించే పని ఆయనది.

చాయ్‌కి ఒక ఫారం, ఎందుకంటే అది వేడి ద్రవం. కుర్చీకి ఒక ఫారం, ఎందుకంటే అది నేలకు అడుగున్నర ఎత్తు. ఎదురింటి సారవ్వ కోళ్లకు ఒక ఫారం, ఎందుకంటే అవి బయటి వ్యక్తులు. ప్రతి ఫారం కింద "ఏమైనా జరిగితే నేను బాధ్యుణ్ణి కాను" అని సంతకం. ప్రిన్సిపాల్ పెట్టారు, సార్ పెట్టారు, కెమెరా కిరాయికిచ్చినవాడు పెట్టాడు. సారవ్వ వేలిముద్ర వేసి, "మా కోళ్లు గూడ బాధ్యులు కావని రాయి సారూ, మల్ల నామీద పడకుండ్రి!" అంది. సార్ రాసుకున్నారు.

ఆఖరి ఫారం దగ్గర వచ్చింది చిక్కు. హీరోకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలట! ఫస్ట్ షిఫ్టు దిగి అప్పుడే వచ్చిన సంపత్ మొహం మాడిపోయింది.

"బాపూ, నువ్వు అన్‌ఫిట్ అయితేనే గద నాకు నౌకరి అచ్చింది! ఇప్పుడు ఫిట్ అని రాయించుకుంటే, రేపు ఎవడన్న గా కాయితం తీస్కపొయి ఆఫీసుల సూపెడితే?"

"వట్టిగ కుర్చీల కూసునేటందుకు ఫిట్ అని రాయిస్త కొడుకా."

"కుర్చీల కూసునే నౌకరీలు ఆఫీసుల ఎన్ని లెవ్వు బాపూ!"

గట్టయ్యకు రెండు రోజులు అన్నం సయించలేదు. అరవై ఏళ్లకు వచ్చిన ఒక్క అవకాశం ఒక్క మాట మీద పోతుందంటే ఎవరికి మాత్రం ఏడుపు రాదు?

డెబోరా ఊరుకునే పిల్ల కాదు. ఫారాలన్నీ ముందేసుకుని కూర్చుంది. "బతికున్న మనిషిగా కనిపించే ప్రతి పాత్రధారి" సర్టిఫికెట్ ఇవ్వాలని ఉంది. మరి చచ్చినవాడిగా కనిపిస్తే? రూలే లేదు! గంటలో కథ మారింది. హీరో ఇంటి ముందు మంచం మీద చచ్చి పడుకుని ఉంటాడు, ఇరుగుపొరుగు వచ్చి ఆయన గొప్పతనం చెప్పుకుంటారు. జగదీశ్వర్ సార్ మురిసిపోయారు. శవం కాలు జారదు, నాలుక కాల్చుకోదు. రిస్కు లేని పాత్ర అంటే ఇదీ!

సంపత్ కూడా సరేనన్నాడు, ఒక్క షరతు మీద. నటించినవాళ్లలో బాపు పేరు పడొద్దు. పేరు పడితే బాపు ఫిట్‌గా ఉన్నాడనడానికి రుజువు మిగులుతుందని భయం.

"గంతగనం ఎదురుసూసింది పేరు కోసమే గద బిడ్డా!" అన్నాడు గట్టయ్య డెబోరాతో. అయినా వెళ్లి మంచం మీద పడుకున్నాడు. ఏం చేస్తాడు, కొడుకు నౌకరి కదా.

షూటింగ్ మొదలైంది. సారవ్వ శోకం అందుకోగానే శవం దగ్గింది. మళ్లీ తీశారు, మళ్లీ దగ్గింది. ఆరు టేకులు పోయాయి. ఏడోసారి గట్టయ్య కళ్లు మూసుకుని, పళ్లు బిగించి ఆపాడు, ఆపాడు, ఇక ఆగక ఒక్క పెట్టున దగ్గేసరికి మంచం మీది నుంచి దొర్లి కింద పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయి నెత్తురొచ్చింది.

అందరూ ఉరికారు. సార్ మాత్రం చిరునవ్వు నవ్వారు. "ఏం ఫికర్ లేదు, ఇన్సూరెన్స్ ఉంది!" అని ఫైలు తెరిచారు. చదివారు. మళ్లీ చదివారు.

"శవానికి దెబ్బ తగిలే అవకాశం లేదమ్మా. క్లెయిమ్ రాదు."

"శవం ఏంది సార్, కాక దగ్గిండు గద!" అంది డెబోరా.

"దగ్గితే బతికున్నట్టు. బతికుంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఏది?"

చూశారా! చచ్చినా రాదు, బతికినా రాదు. ఇంత పకడ్బందీ రక్షణ మరెక్కడైనా దొరుకుతుందా? పైగా ఆ మోచేతికి ఎవరూ బాధ్యులు కారని సార్ అక్కడికక్కడే నలభై రెండో కాగితం తీశారు.

సారవ్వ పసుపు అద్దుతుంటే గట్టయ్య తలెత్తాడు. "సారూ, ఇన్ని కాయితాలల్ల, ఏమన్నయితే నేనున్న, నేను బాధ్యుణ్ణి అని రాసినోడు ఒక్కడన్న ఉన్నడా?"

సార్ నిజాయితీపరులు. పేజీలన్నీ తిప్పి చూసి, లేడన్నారు.

"అయితే గా జాగ ఖాళీగనే ఉన్నది గద! అందుల నా పేరు ఏసుకోండ్రి. నటించిండని కాదు, బాధ్యుడని. సంపత్‌గానికి గూడ రంది ఉండది."

శనివారం కాలేజీ హాల్లో సినిమా వేశారు. డెబోరా దగ్గును తీసెయ్యలేదు. శవం దగ్గగానే హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. చివర్లో పేర్లు పడ్డాయి. కథ, దర్శకత్వం డెబోరా. దాని కింద, తెర నిండా, "పూర్తి బాధ్యత: గట్టయ్య". సంపత్ లేచి ఈల వేశాడు. గట్టయ్య కట్టు కట్టిన చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

అందుకే మళ్లీ చెబుతున్నాను, ఇన్సూరెన్సు ఉండాల్సిందే! ఆ కాగితాలే లేకపోతే, అంతమంది ఫిట్‌గా ఉన్న మనుషుల్లో బాధ్యత మోయడానికి ముందుకొచ్చింది అన్‌ఫిట్ గట్టయ్య ఒక్కడేనని మనకు ఎలా తెలిసేది?