నొప్పి ఎక్కడో మీ వేలితోనే చూపండి

మానవ శరీరం అంతా ఒకటే అన్న మూఢనమ్మకాన్ని మా పెద్దాసుపత్రి ఎప్పుడో వదిలించుకుంది. అక్కడ మోకాళ్లు రెండో అంతస్తులో, గొంతు మూడో అంతస్తులో, నరాలు ఐదో అంతస్తులో ఉంటాయి. వీటి మధ్య రాకపోకలు లేవు. (లిఫ్టు ఉంది. అది సిబ్బందికి.)

కింది హాల్లో నిలువెత్తు తెర, దాని మీద మనిషి బొమ్మ. బాధ ఎక్కడుందో అక్కడ తాకితే టోకెన్ వస్తుంది. వేలు మాత్రం రోగిదే అయి ఉండాలి. ఒకరి బాధను మరొకరు తాకి దుర్వినియోగం చేసే ప్రమాదం ఉందని స్పర్శ విభాగ పర్యవేక్షకులవారు నిబంధన పెట్టారు. టోకెన్ వచ్చాక, ఆ విభాగంవారు తమ దగ్గర ఏమీ లేదని ముద్ర వేసేదాకా ఇంకోచోట తాకరాదు.

మా వదినను అక్కడికి తీసుకెళ్లాను. వదిన బట్టలు కుడుతుంది. ఆవిడ చేత్తో కుట్టిన కాజా చూసి మిషన్లు సిగ్గుపడాలి. అలాంటిది కొన్నాళ్లుగా సూదిలోకి దారం ఎక్కడం లేదు. నడిస్తే తూలుతోంది. వీధిలోవాళ్లు మర్యాదస్తులు, వదిన తాగుతోందని ఆవిడ ముందు అనలేదు. మా అన్నయ్యతో అన్నారు.

"తల దగ్గర నొక్కు వదినా" అన్నాను.

వదిన తలకే గురిపెట్టింది. వేలు వణికి గొంతు మీద పడింది. గొంతు డాక్టరు ఆవిడ చేత "ఆ" అనిపించి, ముద్ర కోసం వారాల తరబడి తిప్పాడు. రెండోసారి భుజం తగిలింది. జబ్బేమిటో ఆ తెరకు తప్ప హాల్లో అందరికీ అర్థమైపోయింది.

ఎట్టకేలకు తల తగిలి, ఐదో అంతస్తు దక్కింది. నరాల డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఒంట్లో ఎక్కడో క్యాన్సర్ గడ్డ దాక్కుని ఉండొచ్చమ్మా. దాని మీదికి వెళ్లాల్సిన రక్షణ కణాలు పొరపాటున మీ చిన్నమెదడు మీద పడ్డాయి. గడ్డ కనపడకముందే నరాలు చెప్పేస్తున్నాయి. త్వరగా పట్టుకోవాలి."

క్యాన్సర్ విభాగం ఉన్న ఆరో అంతస్తుకు పరిగెత్తాం. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"గడ్డ ఏదండీ?"

"దాక్కుందట."

"బయటికొచ్చాక తీసుకురండి."

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే వచ్చాం. ఆవిడ తలుపు దగ్గరగా వేసింది.

"ఆడవాళ్లలో ఇది చాలాసార్లు అండాశయంలో దొరుకుతుంది. స్కానింగ్ నేను రాస్తే చెల్లదు, పొట్ట నా అంతస్తు కాదు. నా దగ్గర ఏమీ లేదని ముద్ర వేసిస్తాను, మీరే బొమ్మ మీద పొత్తికడుపు తాకి, నొప్పి అని చెప్పండి."

"లేని నొప్పి ఉందని చెప్పమంటారా?"

"ఉన్న జబ్బు కోసమేనమ్మా."

వదిన పొత్తికడుపుకు గురిపెట్టింది. మోకాలు తగిలింది. ముద్ర పడేసరికి వదిన చేతిలో మంచినీళ్ల గ్లాసు కూడా నిలవడం మానేసింది. తర్వాత మోచేయి తగిలింది. నాకు ఒళ్లు మండిపోయి, ఆవిడ మణికట్టు పట్టుకుని నేనే తాకించబోయాను. సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చాడు.

"సార్, ఆవిడ బాధ ఆవిణ్ణి పడనివ్వండి!"

ఆ మోచేతి ముద్ర కూడా పడ్డాక, ఓ రోజు వేలు పొత్తికడుపు మీదే వాలింది. క్యూ అంతా చప్పట్లు కొట్టింది.

అండాశయంలో చొక్కా గుండీ అంత గడ్డ దొరికింది. తీసేశారు. ఆరో అంతస్తు పెద్ద డాక్టరు చాలా సంతోషించాడు.

"ప్రాణానికి ఢోకా లేదమ్మా. ఇంత చిన్నగా ఉండగా దొరకడం మీ అదృష్టం."

"చెయ్యి బాగవుతుందాండీ? సూది పట్టుకోవాలి."

"దెబ్బతిన్న నరాలు మళ్లీ రావమ్మా. ఇంకాస్త ముందు వచ్చుంటే..."

"ముందే వచ్చానండీ. కిందే ఉన్నాను" అంది వదిన.

ఆయన దగ్గర దానికి ముద్ర లేదు.

బయటికి వస్తుంటే "మా సేవ ఎలా ఉంది?" అని తెర అడిగింది. ఒక నవ్వు మొహం, ఒక ఏడుపు మొహం. వదిన పళ్లు బిగించి, ఇన్నాళ్ల కోపమంతా వేలి కొసకు తెచ్చుకుని ఏడుపు మొహానికి గురిపెట్టింది. నవ్వు మొహం తగిలింది. తెర ధన్యవాదాలు చెప్పింది.

"పొరపాటున తగిలింది, మార్చొచ్చా?" అని సెక్యూరిటీ అతన్ని అడిగాను.

"కుదరదు సార్. పేషెంటు స్వయంగా తన వేలితో చెప్పారు కదా."