శోభనాద్రి గారి బోణీ

"మనిషన్నవాడు తప్పు చేస్తాడేమో గానీ, పరీక్షలన్నీ నెగ్గిన ప్రోగ్రాము తప్పు చెయ్యదండీ!"

గుడివాడ ఆత్రేయ ఈ మహావాక్యాన్ని పెడనలో, కలంకారీ అద్దకం పనివాళ్ల సంఘం ఆఫీసులో ప్రకటించాడు. సంఘం బట్టలు అమ్మే వెబ్‌సైటుని పైథాన్‌లో రాసింది అతగాడే. ఈ పూట బోణీ సవ్యంగా జరిగితే సైటు చూసుకునే పని అతనిది. లేకపోతే, పోటీకొచ్చిన విజయవాడ కంపెనీది. ఉన్న ఉద్యోగం మానేసి "సొంతంగా పెట్టాను" అని ఊరంతా చాటుకున్న మనిషి మరి! పరువంతా ఈ బోణీ మీదే ఉంది.

"పరీక్షలంటే, ఎవరైనా కొని చూశారా బాబూ?" అన్నారు అధ్యక్షులు సాంబశివరావు గారు.

"మనుషులెందుకండీ! శోభనాద్రి అని ఉత్తుత్తి కస్టమర్ని పుట్టించాను. నెట్ అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు. 'శోభనాద్రి దుప్పటి అడుగుతున్నాడు' అని నేనే ఒక దొంగ రిక్వెస్టు అల్లి ప్రోగ్రాముకి అందిస్తాను. అది నిజమే అనుకుని జవాబు చెబుతుంది. మాక్ రిక్వెస్టు అంటారు లెండి."

"మనిషి మంచివాడేనా?"

"బంగారం! బేరమాడడు. రంగు పోతుందా అని అడగడు."

పాపం, ఆత్రేయకి శోభనాద్రి మీద ప్రేమ కూడా పుట్టింది. తన మాట కాదనని మొట్టమొదటి ప్రాణి కదా!

బోణీకి బందరు నుంచి రిటైర్డ్ టీచరు బాలాత్రిపురసుందరి గారిని పిలిపించారు. ఆవిడ చెయ్యి మంచిదని పెడనంతా నమ్మకం. ముందు వరసల్లో ఇస్త్రీ చొక్కాలూ పట్టుచీరలూ! పైఊళ్ల వ్యాపారస్తులట. ఆత్రేయ ఛాతీ ఉబ్బింది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని, ఫోనులో నెమళ్ల దుప్పటి ఎంచుకుని, 'కొనండి' అన్న బటన్ నొక్కారు.

"ముందు లాగిన్ అవ్వమంటోంది నాయనా. ఎక్కడవ్వాలి?"

"అక్కడే, కింద..." అంటూ వంగి చూశాడు. కింద లేదు. పైనా లేదు. అసలు లాగిన్ పేజీ రాస్తే కదా ఉండడానికి!

శోభనాద్రిని ప్రతిసారీ 'లాగినైనవాడే' అని చెప్పి తిన్నగా నట్టింట్లో దింపింది తనే. వాడికి గుమ్మంతో పని పడలేదు. ఇంటికి గుమ్మమే లేదని కట్టిన మేస్త్రీకీ తెలియలేదు. 'నా తెలివి తెల్లారినట్టే ఉంది!' అని తనని తానే తిట్టుకున్నాడు.

"సర్వరు కాస్త బిజీగా ఉందండీ" అంటూ లాప్‌టాప్ తెరిచి, శోభనాద్రిని ఏకంగా అసలు సైటు మీదికే తోలాడు. గోడ మీది తెరపై పడింది: 'శోభనాద్రి గారు, ఒక దుప్పటి.' హాలంతా చప్పట్లు!

సాంబశివరావు గారు దగ్గరికొచ్చి చెవిలో, "మీ ఉత్తుత్తి శోభనాద్రేగా?" అన్నారు.

ఆత్రేయ లాప్‌టాప్ వదిలి చేతులు జోడించాడు. "క్షమించండి. నిజం కస్టమర్లకి దారి పెట్టడం మర్చిపోయానండీ."

"ఊరుకోండి బాబూ! ఆ ముందు వరస వ్యాపారస్తులనుకున్నారా? మా బావమరుదులూ తోడల్లుళ్లూ. ఫొటోలో నిండుగా ఉంటుందని కూర్చోబెట్టాం. మన పద్ధతులు కలిశాయి, పని మీకే!"

ఆత్రేయకి ప్రాణం లేచొచ్చింది. ఆ లేచిన ప్రాణం వెనక్కి తిరిగేసరికి, అంతా విన్న బాలాత్రిపురసుందరి గారు ఫోను సంచిలో వేసుకుంటున్నారు.

"అయితే ఇంతమందిలో కొనడానికొచ్చింది నేనొక్కదాన్నేనా నాయనా? నన్నే బయట నిలబెట్టావు!"

ఆవిడ చెప్పులు తొడుక్కుని రోడ్డు దాటి ఎదురు దుప్పట్ల కొట్టులోకి వెళ్లారు. ఇక్కడ చప్పట్లు ఇంకా ఆగలేదు.