ఒక్క దీపాలతీగకై అత్తాఅల్లుళ్ళు సలిపిన సమరము

అది డిసెంబరు మాసమున ఇరువది నాలుగవ దినము. మంచుతెరలను చీల్చుకొని ప్రభాతభానుబింబము మూడంతస్తుల మేడపైకి ఎగబ్రాకుచుండ, రెండవ అంతస్తునందలి యొక ముందుగదిలో, అష్టదిక్పాలకులు ఊపిరి బిగబట్టి చూడదగిన ఘోరసంగ్రామమునకు రంగము సిద్ధమయ్యెను.

ఒకవైపు అత్తగారు: చర్చి గాయకబృందమున ముప్పదియేండ్లు తొలివరుస నేలిన సింహకంఠి, కుట్టుపనియందు సూచీధురంధర, బైబిలు చదువక కాఫీ ముట్టని కఠోరవ్రత. ఆమె గోడవారి బల్లపై పశువులపాక నిలిపి, తొట్టిలో బాలయేసును పరుండబెట్టి, దానికి దీపములు కోరెను. మరొకవైపు అల్లుడు: లిఫ్టులు బాగుచేయుటలో ఆరితేరినవాడు, పెండ్లినాడు తప్ప చర్చి గడప తొక్కనివాడు, అయినను క్రిస్మసుతాత ఎర్రటోపీయన్నను, కేకుముక్కయన్నను ప్రాణమిచ్చువాడు. అతడు కిటికీకడ ప్లాస్టిక్ చెట్టు నిలిపి, దానికి దీపములు కోరెను.

ఇంటనున్న రెండు దీపాలతీగలలో ఒకదానిని మూషికసేన కొరికివేసియుండెను. క్రొత్తది కొనుట ఓటమి నొప్పుకొనుటయే యని ఇరువురును తలంచిరి.

అంతట అత్తగారు ప్రళయమేఘగర్జనాసదృశస్వరమున నిట్లు పలికెను:

"అల్లుడూ, పండగెవరిది? పుట్టినరోజు పిల్లాణ్ణి చీకట్లో పడుకోబెట్టి, కిటికీకి తోరణాలు కడతావా?"

అల్లుడును ధైర్యహిమాచలుడై బదులిచ్చెను:

"ఆయన నక్షత్రం వెలుగులో పుట్టాడని మీరే చెప్తారు కదత్తయ్యా! కరెంటు తీగ కావాలని ఎక్కడైనా రాసుందా? వీధిలో పిల్లలు ఆగి చూసేది నా చెట్టునే."

అట్లు పలికి, పెట్టెలో పాములపుట్టవలె చిక్కుపడియున్న తీగను చెరియొక కొసను పట్టి లాగిరి. లాగినకొలది ముడి బిగిసెను. రాత్రి డ్యూటీ ముగించి పండుకొనిన నర్సు, ఒకరికి కూతురును ఒకరికి భార్యయు నైన యామె, తలుపు తీసి చూచెను.

"చెరో వైపూ లాగితే చిక్కు వీడుతుందా? ఒకళ్ళు పట్టుకోండి, ఒకళ్ళు విప్పండి. నన్ను పడుకోనివ్వండి."

తలుపు మూసికొనెను. శత్రువులిద్దరును నేలపై చతికిలబడిరి. అతడు పట్టెను, ఆమె సూదిమొనతో ముడులు విప్పెను. విప్పుచు ఆమె యొక కీర్తన కూనిరాగము తీయగా, రెండవ చరణము అల్లుని నోట వెలువడెను.

అత్తగారి సూది ఆగెను. "నీకెలా వచ్చు ఈ పాట?"

"ఎనిమిదేళ్ళ నుంచీ మీ గది గోడ అవతలే ఉంటున్నాను కదా."

ఆమె మరి మూడు ముడులు విప్పెను. తుదకు తీగ చక్కబడెను. చెట్టుకు చుట్టి, మిగిలినదానిని పాకవరకు సాచిరి. హా విధీ! నాలుగంగుళములు చాలకపోయెను.

"నీ చెట్టు జరుపు" అని ఆమె యనలేదు. "మీ బల్ల జరపండి" అని అతడు ననలేదు. ఆమె కాఫీ కలుపుటకు వంటగదికేగెను. అతడు చెట్టు మొదలు పట్టి మెల్లగా పాకవైపు నాలుగంగుళములు జరిపి, ఏమియు నెరుగనివానివలె టేపు తెచ్చుటకు లోనికిపోయెను. ఆమె రెండు కప్పులతో వచ్చి, అవి క్రిందపెట్టి, బొమ్మలు పడకుండ కొంగుతో అడ్డుకొనుచు బల్లను చెట్టువైపు నాలుగంగుళములు జరిపెను.

అతడు తిరిగివచ్చి, తీగకొసను టేపుతో పాకకంటించి, స్విచ్చి వేసెను. చెట్టును వెలిగెను, తొట్టియు వెలిగెను. నడుమ తీగ వదులుగా వ్రేలాడుచుండెను. ఇరువురును దానిని చూచిరి. ఎవరు జరిపిరని ఎవరును అడుగలేదు.

రాజ్యములు గెలిచినవారి కథలు పెక్కు విన్న లోకులారా, వినుడు! ఆ యింట ఆ యుదయమున, నాలుగంగుళముల తీగ మిగిలెను.