యోధురాలికి మెత్త కుర్చీ

“పదిహేనో స్థాయికి చేరిన యోధులూ మాంత్రికులూ సర్వసమానులని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది!”

ఈ చరిత్రాత్మక ప్రకటన మా భోజనాల బల్ల దగ్గర వెలువడింది. ప్రకటించినవారు రిజిస్ట్రేషన్ ఆఫీసు సూపరింటెండెంటుగారు. ఆయన మాంత్రికుడు. ఆఫీసులో కాదు, ఆటలో! ప్రతి ఆదివారం పాచికలు, పటాలు పట్టుకొని మా ఇంటికి వస్తారు. ఒక్కొక్కరూ ఒక పాత్రై, దాని శక్తులు కాగితం మీద రాసుకొని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. ఆట నడిపేది పళ్ళ డాక్టరు. మా అమ్మాయి యోధురాలు. దాని కత్తి కాగితం మీదిదేనని తెలిసేదాకా రెండు వారాలు నాకు కంటిమీద కునుకు లేదు.

ఆరేళ్ళ కిందట ఆట మొదలైనప్పుడు మాంత్రికుడూ యోధురాలూ సమానమే. ఆయన నిప్పురవ్వ విసిరితే, ఇది కత్తితో ఒక్కటిచ్చేది. స్థాయిలు పెరిగాయి. ఇప్పుడు ఆయన కాలాన్ని ఆపుతారు, కొండల్ని తలకిందులు చేస్తారు. మరి మా అమ్మాయి? కత్తితో మూడు ఇస్తుంది!

పోయిన ఆదివారం ఆయన మబ్బుల మీది కోటకు ఎగిరిపోతూ, దాన్ని కింద గుర్రాలు చూస్తూ ఉండమన్నారు. లేని గుర్రాల్ని రెండు గంటలు పట్టుకొని కూర్చుంది నా బిడ్డ! వాళ్ళు వెళ్ళాక, “ఇక ఆడనమ్మా” అంది. వారమంతా లేతు మిషను చప్పుడులో పనిచేసే పిల్ల. నవ్వేది ఆ ఒక్క పూటే. అదీ మానేస్తే దిగులు పట్టుకుంటుంది, దిగులుతో తిండి మానేస్తుంది, తిండి మానేస్తే మిషను దగ్గర కళ్ళు తిరుగుతాయి... అక్కడితో ఆలోచన ఆపి డాక్టరుకు ఫోను చేశాను. దాని ఫలితమే ఈ తీర్మానం.

“ఇకనుంచి నీ బిరుదు మహాయోధురాలు! దిండున్న కుర్చీ నీదే!” అన్నారు సూపరింటెండెంటుగారు.

“కోట మీదికి దూకనిస్తారా, బాబాయ్‌గారూ?”

“అబ్బే! మనిషన్నవాడు అంతెత్తు ఎగరగలడా తల్లీ? నమ్మేలా ఉండొద్దూ?”

“ఇందాక మీరు రెక్కల పామై పొగ వదిలారు కదండీ?” అన్నాను ఉండబట్టలేక.

“అది మంత్రం వదినగారూ! దానికి నియమాలున్నాయి.”

అమ్మాయి పాచికలు సంచిలో వేసుకుంటోంది. నోటికొచ్చింది అనేశాను: “సమానమే కదా, మీ ఇద్దరి కాగితాలు మార్చుకోండి!”

ఆయన తన కాగితాన్ని గుండెకు హత్తుకున్నారు. “ఆరేళ్ళ అనుబంధమండీ...”

“తీర్మానం మీదే కదండీ” అంటూ డాక్టరు పన్ను పీకినట్టు దాన్ని లాగేసి అమ్మాయికిచ్చి, యోధురాలి కాగితం ఆయన చేతిలో పెట్టాడు.

మరుసటి ఆదివారం సూపరింటెండెంటుగారు యోధులకు కొత్త నియమాలంటూ నలభై పేజీల ముసాయిదాతో దిగారు. యోధుడు మబ్బులకు ఎగరవచ్చు. కొండను చీల్చవచ్చు. ఎదుటివాడి మంత్రాన్ని గాల్లోనే నరికేయవచ్చు!

“మనిషన్నవాడు...” అని నసిగాడు డాక్టరు.

“ఊహకు హద్దులేమిటండీ! యోధులకు ఎన్నాళ్ళీ అన్యాయం?” అంటూ ఆయన బల్ల గుద్దారు.

అమ్మాయి నలభై పేజీలూ నింపాదిగా చదివింది.

“అభ్యంతరాలు?” అన్నారాయన.

“ఒక్కటీ లేదు, బాబాయ్‌గారూ.” సంతకం పెట్టింది. డాక్టరు చేత పెట్టించింది. ఆయన చేతా పెట్టించింది. “ఇక నా కాగితం నాకిచ్చేయండి.”

ఆయన ముఖం పాలిపోయింది. గుండెనొప్పేమోనని మంచినీళ్ళకు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆయన కొత్త కాగితం తీసి, “మాంత్రికులకు జరుగుతున్న ఘోర అన్యాయం గురించి...” అని రాస్తున్నారు.