అంతయ్య ఫ్లెక్సీ మీద గీషా మాట

పొద్దున్నే అంతయ్య పుట్టినరోజు ఫ్లెక్సీ ఇచ్చేసి, పది గంటల బస్సుకు భార్య రుక్సానాను కరీంనగర్‌లో వాళ్లక్క ఇంటికి తీసుకుపోవాలని అవేజ్ అనుకున్నాడు.

చొప్పదండిలో అతనిది ఫ్లెక్సీల దుకాణం. అంతయ్య మాజీ సర్పంచ్. రెండేళ్లలో మూడు పార్టీలు మారాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే చేతికందింది విసురుతాడు. ఫ్లెక్సీ మీద వేయాల్సిన మాటను ఆయన అనుచరుడు సుధాకర్ వాట్సాప్‌లో పంపాడు. ఆ వెనకే రుక్సానా మెసేజ్ కూడా వచ్చింది. వెనకటి జపాన్‌లో పెద్దల విందుల్లో ఆడిపాడే గీషాల ప్రేమకథ ఒకటి డబ్బింగ్‌లో చూసినప్పటి నుంచి, అందులో నచ్చిన మాటలన్నీ ఆమె మొగుడికి పంపుతోంది. అవేజ్ వాటిని చదవడు. ఆ పొద్దు నిద్రమత్తులో తాను ఏ మెసేజ్ కాపీ చేశాడో కూడా చూసుకోలేదు. సుధాకర్ మనుషులు వచ్చి బొమ్మ పెద్దగా పడిందని మురిసిపోయి, తీసుకెళ్లి చౌరస్తాలో కట్టేశారు.

అవేజ్ చాయ్ తాగుతుంటే రుక్సానా ఫోన్ చేసింది.

"సునో జీ, కూరగాయలకొచ్చిన. నా సినిమా డైలాగ్ అంతయ్య బొమ్మ కింద ఎందుకేసినవ్?"

"ఏం డైలాగ్?"

ఆమె చదివి వినిపించింది. "ఎవరి విందుకు పిలుపొస్తే వారి ముంగిట్లోనే నా ఆట. నవ్వేది ముఖం, ఏడ్చేది మనసు. ఆ మనసు మాత్రం ఒక్కరిదే."

అవేజ్ చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఎవరి విందుకు పిలుపొస్తే వారి ముంగిట్లో! మూడు పార్టీల అంతయ్య బొమ్మ కింద! దుకాణం పగలడం, మెషిన్ రోడ్డున పడటం, తన కాళ్లు కట్టుతో వేలాడటం వరసగా కళ్ల ముందు కదిలాయి. నిచ్చెన భుజాన వేసుకుని చౌరస్తాకు ఉరికాడు.

పైకెక్కి మొదటి తాడు విప్పాడో లేదో, కింది నుంచి సుధాకర్ కేక వినిపించింది.

"ఏయ్ అవేజ్! అన్న ఫ్లెక్సీ చింపుతున్నవా? మల్లన్న పంపిండా నిన్ను?"

మల్లన్న అంటే అంతయ్యకు పడని నాయకుడు. అవేజ్ విప్పిన తాడునే మళ్లీ పట్టుకున్నాడు. "లే అన్నా... గాలికి వదులైంది. జర గట్టిగ కడుతున్న."

"కట్టు మరి. నాలుగు దిక్కుల కట్టు. ఊడితే నీదే పూచీ."

తీసేయడానికి ఎక్కినవాడు ఎవరూ ఊడదీయలేనంత గట్టిగా కట్టి దిగాడు. అప్పటికి జనం గుమిగూడారు. ఒకడు పైకి చదివాడు, ఇంకొకడు పక్కకు తిరిగి నవ్వాడు. అప్పుడు గానీ సుధాకర్ తలెత్తి చదవలేదు. చదివి తెల్లబోయాడు. "అరే, గిదేంది? నేను పంపింది గిది కాదు గదా! ఫోటో తీసి గ్రూపులన్నిట్ల పెట్టిన. అన్న కూడ వస్తుండు."

ఆ మాట పూర్తి కాకముందే అంతయ్య బండి వచ్చి ఆగింది. పారిపోదామంటే నిచ్చెన అడ్డం. అవేజ్ దాని వెనకే నక్కాడు.

అంతయ్య కళ్లద్దాలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. మళ్లీ చదివాడు.

"ఎవ్వలు రాసిన్రు?"

సుధాకర్ వేలు నిచ్చెన వైపు తిరిగింది. అవేజ్ ఇంకా ముడుచుకున్నాడు. కూరగాయల సంచితో రుక్సానానే ముందుకొచ్చింది.

"సినిమాల మాట అన్నా. గీషా అని, పెద్దోళ్ల దావత్‌లల్ల ఆడి పాడే ఆమె చెప్తది. పొరపాటున పడ్డది. మా ఆయన్ను ఏమనకు."

అవేజ్ కళ్లు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. తెరిచి చూస్తే అంతయ్య కండువాతో కళ్లొత్తుకుంటున్నాడు.

"ఇన్నేండ్ల సంది రాజకీయంల తిరుగుతున్న. నా బాధ గింత మంచిగ ఎవ్వలూ చెప్పలే, బిడ్డా. చివరికి ఆమెకేమైతది?"

"మనసుల ఉన్నోడే దొరుకుతడు."

"అంటే నాకు పార్టీ టికెట్ దొరికినట్టే." అంతయ్య మొహం వెలిగింది. "నాకింక ఆశున్నది. అవేజ్, గసొంటివే ఇంకో పది కొట్టు." పది గంటల బస్సు ఆ రోజుకు పోయినట్టే.

నెల తిరక్కుండానే అంతయ్య నాలుగో పార్టీలో చేరాడు. ఫ్లెక్సీల మీద పైనున్న నాయకుల బొమ్మలు మార్చమని, కింద మాట మాత్రం కదపొద్దని అవేజ్‌కు కబురు పంపాడు.