కుడిచేతి రాక్ అండ్ రోల్

ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, "పెరంబూరు గిటారు" అనే సినిమాలో కథానాయకుడు యువరాజ్ గిటారు వాయించినది కుడిచేత్తోనే. చెన్నై మహానగర యువరాజ్ అభిమాన సంఘాల సమాఖ్య ఈ మేరకు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంకా అనుమానం మిగిలినవాళ్లు సమాఖ్య ఆఫీసుకు వెళ్లి తీర్చుకోవచ్చు. వెళ్లివచ్చిన వాళ్లెవరూ రెండోసారి అనుమానపడలేదు.

చెయ్యి ఏదో చెప్పడానికి తీర్మానం దేనికని మీరు అడుగుతారు. అడగకపోయినా నేను చెబుతాను.

మన సినిమాల్లో రాక్ అండ్ రోల్ కాపురం ఎక్కడుండేదో నా వయసు వాళ్లకు గుర్తే. విలన్ గారి క్లబ్బులో. గిటారు మోగిందంటే పక్క గదిలో దొంగ బంగారం దిగుతోందనీ, ఆ పాటకు ఆడుతున్న పిల్ల చివరి రీలులో హీరోకు అడ్డంపడి తూటా తిని మంచిదైపోతుందనీ నేలటిక్కెట్టు వాడికి కూడా తెలుసు. వీణ వాయించే పిల్లకు పెళ్లి, గిటారుకు ఆడే పిల్లకు తూటా. ఇంత త్వరగా తీర్పు చెప్పే న్యాయస్థానం మళ్లీ పుట్టలేదు. మా ఊరి టూరింగ్ టాకీసులో ఆ పాట రాగానే పెద్దమనుషులు సంస్కృతి పాడైపోతోందని బాధపడేవారు. వెనక కూర్చుంటే ఆ పాడైపోవడం సరిగా కనిపించదని ముందు వరసలకు వచ్చేవారు.

ఇప్పుడు కాలం మారింది. పాతబడిన పాపాలకు వారసత్వ సంపద అని పేరు పెట్టారు. దర్శకుడు శ్రీకుమార్ ఆ సంపద మీద ఒక కథ రాసుకున్నాడు. అరవైల నాటి పెరంబూరు, రైల్వే వాళ్ల నాట్యశాల, అందులో రాక్ అండ్ రోల్ వాయించే కుర్రాడు. ఆ కథ పట్టుకుని కోదండరాం గారి దగ్గరికి వెళ్లాడు. కోదండరాం గారు ఉత్తర చెన్నైలో తాతల నాటి నుంచి పప్పుల టోకు వ్యాపారి. కందిపప్పు ధర పెరుగుతుందన్న సంగతి కందిపప్పు కంటే ముందే ఆయనకు తెలుస్తుందని బజారులో పేరు. కథంతా విని ఆయన ఒక్కటే అడిగారు. ఆ సంగీతం ఇంట్లో ఆడవాళ్లు వినొచ్చా అని. అప్పుడు వినకూడదు, ఇప్పుడు వినొచ్చు అని శ్రీకుమార్ చెప్పాడు. నిలవ ఉన్నకొద్దీ విలువ పెరిగే సరుకంటే ఏ వ్యాపారికైనా గౌరవమే. సినిమా ఖాయమైంది.

యువరాజ్ మహానటుడు. ఒక్క చూపుతో రైలును ఆపిన మనిషి. అయితే గిటారును మాత్రం, నీళ్లు పోయడానికి పసిబిడ్డను కాళ్లమీద బోర్లా వేసుకున్నట్టు వేసుకున్నాడు. నేర్పడానికి వచ్చిన మాస్టారు కొన్నాళ్లు చూసి, తనకు గిటారు వచ్చన్న నమ్మకం పోయి, అగరొత్తుల ఏజెన్సీ తీసుకున్నాడు. దాంతో మొహం యువరాజ్‌ది, చేతులు ఇంకొకరివి అని నిర్ణయమైంది. గొంతు ఒకరిది, గంతు ఒకరిది, పోట్లాట ఒకరిది అయిన మనిషికి చేతులు మాత్రం సొంతవి ఎందుకుండాలి?

వెతగ్గా దొరికిన చేతులు జనని అనే అమ్మాయివి. పెరంబూరు రైల్వే క్వార్టర్స్ పిల్ల, అంబత్తూరులో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో ఉద్యోగం. పక్కింటి ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోతూ వదిలేసిన గిటారు మీద చిన్నప్పుడే సొంతంగా నేర్చుకుంది. ఆమె రాక్ అండ్ రోల్ ఎత్తుకుంటే పక్కనే పోతున్న లోకల్ రైలు ఆ తాళానికి వేగం సర్దుకునేదని క్వార్టర్స్ వాళ్లు చెబుతారు. నేను కళ్లారా చూశాను కాబట్టి నమ్ముతున్నాను. ఆ చేతులకు మేకప్ మనిషి వెంట్రుకలు అతికించి మగతనం ప్రసాదించాడు.

ఆమెది ఎడమచేతి వాటం. వాళ్ల అవ్వ చెల్లమ్మ ఆ చేతిని దారిలో పెట్టడానికి చెయ్యని ప్రయత్నం లేదు. గుడ్డతో కట్టింది, కాకరరసం పూసింది, తిరుత్తణి స్వామికి మొక్కుకుంది. కడుక్కునే పనికి తప్ప ఆ చెయ్యి ఇంకెందుకూ పనికిరాదని ఆమె సిద్ధాంతం. మనవరాలు గిటారు తీసిందంటే అవ్వ అటు తిరిగి కూర్చునేది. పాట వినేది, చేతిని చూసేది కాదు.

జీతం సంగతి కోదండరాం గారు ఎత్తబోతే జనని పక్కన పెట్టేసింది.

"మా అవ్వ థియేటర్లో కూచోని నా పేరు చూడాల సార్. గిటారు జనని అని తెర మీద రావాల. అది చాలు నాకు."

పేరుకు ఖర్చులేదు కాబట్టి ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

ముహూర్తం నాడు హారతి ఇచ్చారు, నిమ్మకాయలు తొక్కించారు, జనని మొదటి దెబ్బ వేసింది. ఆ దెబ్బకు పురోహితుడి కాళ్లు కూడా కదిలాయని పక్కనున్నవాళ్లు అన్నారు. ఆయన మాత్రం చీమ కుట్టిందన్నాడు. కానీ తీగల మీద ఊగిన చెయ్యి ఎడమది. కోదండరాం గారు కెమెరాకు అడ్డం వచ్చి, అక్కడికక్కడే ఉపన్యాసం ఇచ్చారు.

"శుభమా అని మొదులుపెడతా ఉంటే ఎడంచెయ్యేంది మా? మా తాతల కాలం నుంచి తక్కెడ కూడా కుడిచేత్తోనే పట్టినాం. భారతీయ రాక్ అండ్ రోల్‌కి ఒక మర్యాద ఉండాది. నా దుడ్డుతో తీసే పడంలో హీరో ఎడంచేత్తో వాయిస్తే రేపు జనం నా పప్పు కొంటారా?"

జనని గిటారు దించలేదు.

"సార్, లోకంలో అందురూ తీగలు నొక్కేది ఎడంచేత్తో. కష్టమంతా ఆ చేతికే. నేను ఆ పనిని కుడిచేత్తో చేస్తా ఉండాను. మీ లెక్కన నాకంటే మడిగా వాయించేవాళ్లు మద్రాసులోనే లేరు."

ఈ మాటకు కోదండరాం గారు ఆ పూట భోజనం మానేశారు. జోస్యుణ్ణి పిలిపించి, నొక్కే చెయ్యి ముఖ్యమా, ఊగే చెయ్యి ముఖ్యమా అని విచారించారు. పనిచేసే చెయ్యి వేరు, కనిపించే చెయ్యి వేరు, శాస్త్రం కనిపించేదాని గురించే చెబుతుంది అని జోస్యుడు తేల్చాడు. అప్పుడు శ్రీకుమార్ ఒక ఉపాయం చెప్పాడు. పాట మొత్తాన్ని కంప్యూటర్లో అద్దంలో చూపినట్టు తిరగేస్తే ఎడమ కుడి అవుతుంది. కోదండరాం గారు లేచి అతనికి శాలువా కప్పారు.

పాట తిరగబడింది. దానితోపాటు మిగతావన్నీ తిరగబడ్డాయి. అక్షరాలు తారుమారవుతాయని పెరంబూరు అని రాసిన బోర్డును ముందే అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయించి, పట్టాల పక్కన వేసిన సెట్టులో నిలబెట్టారు. షూటింగ్ ముగిసినా బోర్డు అక్కడే ఉండిపోయింది. రైల్లోంచి దాన్ని చూసిన పెద్దమనుషులు ఇదేదో కొత్త ఊరనుకుని, దిగకుండా అంబత్తూరు దాకా వెళ్లారు. వాళ్లలో కొందరు అక్కడే ఉద్యోగాలు సంపాదించి స్థిరపడ్డారు.

నాట్యమాడిన ఆడవాళ్ల పైటలన్నీ కుడి భుజం మీదికి వచ్చాయి. విడుదలైన వారానికే పెద్ద బట్టల కొట్లవాళ్లు "రాక్ అండ్ రోల్ పైట" అని అవే చీరలను కొత్త ధరకు అమ్మారు. యువరాజ్ ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ పాటలో కుడి బుగ్గకు వలసపోయింది. అభిమానులు ఎడమ మచ్చ వర్గం, కుడి మచ్చ వర్గం అని చీలిపోయి, చింతాద్రిపేటలో ఒకరి బ్యానర్లు ఒకరు చించుకున్నారు. శాంతి కోసం యువరాజ్ అప్పటినుంచి రెండు బుగ్గలకూ మచ్చ పెట్టుకుంటున్నాడు.

అసలు చిక్కు కథానాయిక దగ్గర వచ్చింది. పాటలో ఆమె హీరో చుట్టూ తిరుగుతుంది. తీసినప్పుడు అది ప్రదక్షిణం, తిరగేశాక అప్రదక్షిణం. కోదండరాం గారికి గుండెదడ పట్టుకుంది. శ్రీకుమార్ చలించలేదు. ఆ ముక్కను వెనకనుంచి ముందుకు నడిపించాడు. ప్రదక్షిణం కుదిరింది. కథానాయిక మాత్రం వెనక్కి నడుస్తూ తిరిగింది, జనం విసిరిన పూలు లేచి వాళ్ల చేతుల్లోకే పోయాయి. ఇంత లోతైన నృత్యం ఈ దశాబ్దంలో రాలేదని విమర్శకులు రాశారు. డాన్సు స్కూళ్లలో పిల్లలు ఇప్పుడు వెనక్కి నడిచి గోడలకు గుద్దుకుంటున్నారు. తల్లిదండ్రులు చప్పట్లు కొడుతున్నారు.

ఇక పేర్లు వేసే రోజు వచ్చింది. గిటారు జనని అని వేస్తే యువరాజ్ పరువేం కావాలని సమాఖ్య అడిగింది. జనని మాట మాటేనని కూర్చుంది. కోదండరాం గారు భోజనాల దగ్గర పంచాయతీ పెట్టారు. అరిటాకు ముందు కూర్చుని, కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఎడమచేత్తో గరిటె పట్టుకుని, సాంబారు వడ్డించుకుంటూ, ఎడమచెయ్యి అపవిత్రమన్న సంగతి ఆమెకు మళ్లీ మొదటినుంచి చెప్పారు. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి రాజీ కుదిరింది. సినిమా చివర తెర మీద ఇలా పడింది:

గిటారు, కుడిచెయ్యి: యువరాజ్.
గిటారు, ఎడమచెయ్యి: జనని.

ఈ పేర్లు చూసే ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎడమచెయ్యి ఇంకొకరిదైతే కుడిచెయ్యి మాత్రం యువరాజ్‌దేనా అని ఎవరో అడిగారు. అందుకే ఆ తీర్మానం. ఎడమచెయ్యి అనగా గిటారు కిందపడకుండా పట్టుకున్న చెయ్యి మాత్రమేననీ, వాయించుటతో దానికెట్టి సంబంధమూ లేదనీ అందులో స్పష్టంగా రాశారు.

అవ్వకు గుంపు పడదు. కాబట్టి జనం పలచబడ్డాక ఒక ఆదివారం మ్యాట్నీకి జనని ఆమెను తీసుకుపోయింది. పాట వచ్చింది. తెర నిండా తన చెయ్యి. జనని అవ్వ వైపు చూసింది. చెల్లమ్మవ్వ ఇన్నేళ్లకు మొదటిసారిగా అటు తిరగలేదు. ముందుకు వంగింది. ఆమె పాదం నేల మీద తాళం వేసింది.

"అబ్బ, ఆ చెయ్యి చూడు మే. ఎంత లచ్చనంగా ఆడతా ఉండాదో. కుడిచెయ్యంటే అదీ. నువ్వు అట్ట నేర్చుకోకూడదా?"

"అది నా చెయ్యే అవ్వా."

"నీది ఎడంచెయ్యి కదే. నాకింకా కండ్లు పోలేదు."

సినిమా అయింది, పేర్లు వచ్చాయి. అందరూ లేచి పోతుంటే జనని అవ్వను కూర్చోబెట్టి వేలితో చూపించింది. అవ్వ కళ్లద్దాలు సర్దుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంది. పేరు మనవరాలిదే. దాని ముందున్న మాట కూడా చదివింది. గబుక్కున జనని ఎడమచేతిని లాక్కుని తన పైట కింద కప్పేసింది.

"ఇంత పెద్ద తెర మీద కూడా దీన్ని దాచుకోలేకపోతివా తల్లీ. ఎవరన్నా చూస్తారు, దా, బిన్నా పోదాం."

జనని మీద మీకు జాలి కలిగి ఉంటుంది. కలగాలి కూడా, మీరు సంస్కారవంతులు. ఇంతసేపూ మీ కుడిచెయ్యి పేజీ తిప్పింది, మధ్యలో కాఫీ తాగించింది, నవ్వొచ్చినచోట మూతి తుడిచింది. ఈ కథ చదివిన ఘనత పూర్తిగా దానిదేనని తీర్మానించడానికి నాకు అభ్యంతరం లేదు. పుస్తకం కిందపడకుండా పట్టుకున్న చెయ్యి ఇంకొకటి ఉంది. దాని పని అయిపోయింది. ఎవరూ చూడకముందే ఒళ్లోకి దించేయండి.